నన్ను చూసే కోడలికి

నల్లపాడు,
4 జూన్ 2001.

మల్లేశ్వరికి,

ఈ ఉత్తరం అత్తయ్య చేతిసంచీలో మందుల డబ్బా కింద పెడుతున్నాను. మీ బావగారు ఆవిణ్ణి మీ ఇంట్లో దింపి మధ్యాహ్నం బస్సుకే తిరిగి వచ్చేస్తారు. మిర్చి యార్డులో పని ఇంకా తగ్గలేదు. ఫోన్లో చెబుదామంటే మీ ఫోను గ్రానైటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉంటుంది, నలుగురి మధ్యా నువ్వు మాట్లాడలేవు. అందుకని రాస్తున్నాను.

మామయ్యగారు పోయిన నాలుగేళ్ళుగా మూడేసి నెలల వంతున ఆవిణ్ణి నువ్వూ నేనూ చూస్తూనే ఉన్నాం. ఆవిడ సంగతులు నీకు కొత్త కాదు. కానీ ఈసారి మనిషి కాస్త వేరేగా ఉంది. బీపీ మాత్ర మింగినట్టే చేసి కొంగుకు ముడేస్తుంది. నోరు తెరిపించి చూడు. కాఫీ తాగిన పది నిమిషాలకి తాగలేదంటుంది. వాదించకు, అర గ్లాసు మళ్ళీ ఇచ్చెయ్యి. వీధి తలుపుకి పైగడియ వేసి ఉంచు. కింది గడియ తీయడం ఆవిడకి వచ్చు. ఒకసారి గుమ్మం దాటిందంటే ఎటు పోతున్నదో ఆవిడకే తెలియదు. అన్నం కలిపి పెడితేనే తింటుంది. పళ్ళెం ముందు పెట్టి పనిలో పడితే అలాగే చూస్తూ కూర్చుంటుంది.

కుడి మణికట్టు దగ్గర కమిలి ఉంటుంది. స్నానాలగది గట్టు మీద జారింది. పట్టించుకోవలసిందేమీ లేదు.

పిల్లలకి నా ఆశీస్సులు. మరిదిగారికి చెప్పు, ఆవిడ ముందు పెద్దగా అరవొద్దని. ఈమధ్య పెద్ద గొంతులకి ఉలిక్కిపడుతోంది.

మీ అక్కయ్య
రాజేశ్వరి.


చీమకుర్తి,
21 జూన్ 2001.

అక్కయ్యా,

ఉత్తరం అందింది. నువ్వు రాసినవన్నీ గోడకి అంటించాను. మాత్ర విషయం నిజమే, కొంగు విప్పితే నాలుగు రాలాయి.

ఇక్కడ లారీల మోతకి పాపం మొదటి వారం సరిగ్గా నిద్రపోలేదు. రాళ్ళు కోసే దుమ్ము తలుపులు మూసినా వస్తుంది, దగ్గుతోంది. నాకర్థం కానిది అది కాదు. వచ్చిన మర్నాటి నుంచీ నన్ను రాజేశ్వరీ అని పిలుస్తోంది. మొదట్లో పొరపాటున అనుకున్నాను. "నేను మల్లేశ్వరినత్తయ్యా" అంటే, "మల్లేశ్వరి నల్లపాడులో ఉందిగా" అంటుంది. పిల్లల్ని మాత్రం సరిగ్గానే గుర్తుపడుతోంది.

మొన్న తలకి నూనె పెడుతుంటే, "పొలం నీ పేర రాశానే. వాడు చెప్పొద్దన్నాడు, నువ్వూ ఎవరికీ చెప్పకు" అంది. ఏ పొలమని అడిగితే, "మా నాన్న పసుపు కుంకుమల కింద ఇచ్చింది, నల్లరేగడి రెండెకరాలు" అంది. వాడంటే ఎవరని అడిగాను. "వేలు తుడిచినా రంగు పోలేదు" అని బొటనవేలు చూపించింది. వేలికి ఏమీ లేదు.

ఇది ఆవిడ మతిలో పుట్టిన మాటా, జరిగిన మాటా? నీ మరిదికి ఇంకా చెప్పలేదు. చెబితే ఆయన ఊరుకోరు. నీకేమైనా తెలిస్తే రాయి. తెలియకపోతే తెలియదనే రాయి.

ఇంకొకటి. జారిపడితే ఒక్క మణికట్టు చుట్టూనే కమిలింది, మోచెయ్యికి గీత కూడా లేదు. అనుమానించి అడగడం లేదు, డాక్టరుకి చూపించాలా అని అడుగుతున్నాను.

మల్లేశ్వరి.


నల్లపాడు,
3 జూలై 2001.

మల్లేశ్వరికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మనసు మనసులో లేదు. అత్తయ్య ఇక్కడున్నప్పుడు నన్ను మల్లేశ్వరీ అని పిలిచిన రోజులున్నాయి. ఆ రోజుల్లో నాతోనూ అన్నది, "పొలం నీకే ఇస్తాను, రాజేశ్వరికి చెప్పకు" అని. నేను నవ్వి ఊరుకున్నాను. నీకు రాయలేదు, ఎందుకంటే రాయడానికి అందులో ఏముందని. ఇప్పుడు నీతోనూ అంది కాబట్టి మనిద్దరికీ సరిపోయింది.

మీ బావగారిని అడిగాను. "మతిలేని మనిషి మాటలు పట్టుకుని మీరిద్దరూ ఉత్తరాలు రాసుకుంటున్నారా" అన్నారు.  ఆయన అలా అన్నాక నేనిక అడగలేదు.

మణికట్టు గురించి డాక్టరు దాకా వెళ్ళక్కర్లేదు. చెప్పాను కదా, జారింది. ఇక్కడ నేనొక్కదాన్నే మనిషిని. మా పిల్ల శ్రీరమ్య హాస్టల్లో ఉంది. ఆయన పొద్దున వెళితే చీకటి పడ్డాకే రావడం. మా ఇంటికీ రైలు పట్టాలకీ మధ్య ఎంత దూరమో నీకు తెలుసు. దూరం నుంచి అడగడం తేలిక.

ఈ మాట కోపంతో రాసింది కాదు. కొట్టేద్దామనుకున్నాను, కాగితం పాడవుతుందని ఉంచేశాను.

రాజేశ్వరి.


చీమకుర్తి,
10 ఆగస్టు 2001.

రాజేశ్వరి గారికి,

పత్తికి పురుగుమందు కొట్టే విషయం మాట్లాడటానికి అత్తయ్య పొలం కౌలు చేసే బుల్లయ్య ఒంగోలు వచ్చి, పనిలో పనిగా మా ఇంటికీ వచ్చాడు. మాటల్లో, "ఈ ఏడు కౌలు కాగితం పెద్దకోడలు గారి పేర రాయించారుగా, మీకు తెలియదా" అన్నాడు. మా ఆయన అన్నం తింటున్నవారల్లా లేచిపోయారు.

తర్వాతి వారం ఆయన వెళ్ళి రిజిస్ట్రారాఫీసులో ఆ పొలం మీద ఏమేం లావాదేవీలు జరిగాయో కాగితం తీయించారు. నా ముందుంది. ఏప్రిల్ 11న వెంకటేశ్వరమ్మ, అంటే మన అత్తయ్య, తన రెండెకరాలూ పెద్దకోడలు రాజేశ్వరికి దానంగా రాసిచ్చినట్టుంది. తీసుకున్నవారి సంతకం కూడా ఉందట. సంతకం నీది.

నేను జూన్‌లో అడిగాను. తెలియకపోతే తెలియదని రాయమన్నాను. నువ్వు తెలియదని కూడా రాయలేదు. ఇప్పుడు ఉత్తరం తీసి మళ్ళీ చూస్తే తెలుస్తోంది, నవ్వి ఊరుకున్నానని రాశావు, అంతే.

మా ఆయన కోర్టుకి వెళతానంటున్నారు. వెళితే అత్తయ్యని బోనులో నిలబెట్టి నీ పేరేమిటని అడుగుతారు. ఆవిడ చెప్పగలదో లేదో నాకు నమ్మకం లేదు.

సెప్టెంబరు నుంచి వంతు మీది. పొలం మీదైనప్పుడు మనిషీ మీదేనని ఈయన మాట. నాకు వేరే మాట తోచడం లేదు. నాలుగో తారీఖుకి తీసుకొచ్చి దింపుతారు.

మల్లేశ్వరి.


నల్లపాడు,
26 ఆగస్టు 2001.

మల్లేశ్వరికి,

నువ్వు అక్కయ్యా అని రాయలేదు. దానికి నేనేమీ అనను. ఈ ఉత్తరం మొత్తం చదువు, ఆ తర్వాత ఏమని పిలిచినా సరే.

సంతకం నాదే. ఏప్రిల్లో ఒకరోజు మీ బావగారు అత్తయ్యనీ నన్నూ ఆటోలో రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్ళారు. బుల్లయ్య కౌలు కాగితం తిరగరాయించాలి, నువ్వు సాక్షి సంతకం పెట్టాలి అన్నారు. నేను బయట వరండాలో అత్తయ్య నీళ్ళసీసా పట్టుకుని కూర్చున్నాను. చివర్లో లోపలికి పిలిచి వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టాను. నేను పదో తరగతి చదివానన్న సంగతి నీకు తెలుసు. చదవడం వచ్చు. చదవలేదు. ఆ కాగితంలో ఏముందో తెలియదని ఇప్పుడు ప్రమాణం చేయగలను, కానీ తెలుసుకోవాలనుకున్నానా అంటే చేయలేను.

నీ ఉత్తరం వచ్చాక బీరువా అడుగున వెతికాను. దొరికింది. పైన నా పేరు.  మూడో రోజు ఆ దస్తావేజు రాసిన వెంకటనారాయణ గారింటికి వెళ్ళాను. ఆయన నన్ను చూసి పెన్నుకి మూత పెట్టారు.

"ఆ రోజు లోపల ఏం జరిగింది బాబాయిగారూ?" అని అడిగాను.

"రిజిస్ట్రారు గారు అడగవలసింది అడిగారమ్మా. పొలం ఎవరికిస్తున్నావు పెద్దమ్మా అన్నారు. తడుముకోకుండా, నన్ను చూసే కోడలికి అంది. పేరు చెప్పమన్నారు. మల్లేశ్వరి అంది."

"మరి నా పేరెలా వచ్చింది?"

"కాగితంలో ముందే నీ పేరుంది. మీ ఆయన పక్క నుంచి, మా అమ్మ కోడళ్ళిద్దరి పేర్లూ మార్చి పిలుస్తుందండీ, ఈ కోడలి దగ్గరే ఉంటోంది అన్నాడు. రాజేశ్వరికేనా అని రిజిస్ట్రారు గారు మళ్ళీ అడిగారు. ఆవిడ తలూపింది." ఆయన మూత పెట్టిన పెన్నుని పక్కకి జరిపారు. "ఆ వేళ తిరుగుతున్న ఫ్యానుని చూసి కూడా తలూపిందమ్మా. నేను చెప్పవలసింది. చెప్పలేదు."

ఇదీ జరిగింది. నన్ను మల్లేశ్వరి అనుకుని నా కోసమే అందా? లేక నిజంగా నీ పేరే చెప్పిందా? నన్ను నీ పేరుతో పిలిచిన రోజులూ ఉన్నాయి, నా పేరుతోనే పిలిచిన రోజులూ ఉన్నాయి. ఏప్రిల్ 11 ఎలాంటి రోజో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

ఇంకొకటి కూడా రాస్తున్నాను. దాని తర్వాత నువ్వు నాతో మాట్లాడకపోయినా అర్థం చేసుకుంటాను.

ఆవిడ జారిపడలేదు. మే నెలలో నేను బియ్యం ఏరుతుండగా తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. స్టేషన్లో పనిచేసే ఇమ్మానియేలు పట్టాల మధ్య నుంచి లాక్కొచ్చాడు. గూడ్సు బండి అతను లాగిన వెంటనే దాటిందట. మర్నాటి నుంచి నేను నీళ్ళకి వెళ్ళినా, బజారుకి వెళ్ళినా, పాత చీర అంచు చింపి ఆవిడ చేతిని మంచం కోడుకి కట్టేదాన్ని. మొదట అయిదు నిమిషాలు. తర్వాత గంట. ఒక రోజు పడుకుందామని కట్టాను, బయటికి వెళ్ళే పనేమీ లేదు. ఆవిడ లాక్కుని లాక్కుని అలసిపోయి, "అమ్మా, నన్నెందుకు కట్టావే" అంది. నేను అటు తిరిగి పడుకున్నాను.

నన్ను చూసే కోడలు అంటే అది నేనే అయితే, నేను చూసింది ఇలాగ.

నాలుగో తారీఖున పంపితే ఉంచుకుంటాను. వద్దని అనను. కానీ నా దగ్గరికి పంపవచ్చా లేదా అన్నది నువ్వే ఆలోచించు.

రాజేశ్వరి.


చీమకుర్తి,
7 సెప్టెంబరు 2001.

అక్కయ్యా,

అత్తయ్యని పంపలేదు. ఇవాళ్టికి నీకు తెలిసే ఉంటుంది.

నీ ఉత్తరం చదివిన రోజు నీ మీద ఒళ్ళు మండింది. ఆవిడ చెయ్యి పట్టుకుని చూశాను, మరక ఎప్పుడో పోయింది. ఈయనకి చూపించి కేసు పెట్టిద్దామనుకున్నాను. ఉత్తరం బియ్యం డబ్బాలో దాచాను. ఎందుకు దాచానో చెబుతాను.

జూన్‌లో ఆవిడ నన్ను రాజేశ్వరీ అని పిలిచినప్పుడు నేను మల్లేశ్వరినని సరిదిద్దానని రాశాను. అది మొదటి రెండు వారాలే. పొలం మాట వచ్చాక సరిదిద్దడం మానేశాను. "అవునత్తయ్యా, నేను రాజేశ్వరినే. కాగితాలు ఎక్కడ పెట్టారు? ఎవరెవరు వచ్చారు? నాకేగా ఇచ్చారు, చెప్పండి" అని నాలుగు రోజులు అదే పనిగా అడిగాను. గుర్తు రాక ఆవిడ ఏడ్చేది. ఏడుస్తుంటే కాఫీ ఇచ్చి మళ్ళీ అడిగేదాన్ని. నువ్వు చీర అంచుతో కట్టావు. నేను మాటలతో కట్టి కూర్చోబెట్టాను. ఏది ఎక్కువో నాకు తెలియడం లేదు.

ఒకటో తారీఖున ఒంగోలు తీసుకెళ్ళి పెద్ద డాక్టరమ్మకి చూపించాను. ఆవిడ తేదీ అడిగింది, ఊరు అడిగింది, మూడు వస్తువుల పేర్లు చెప్పి కాసేపాగి చెప్పమంది. ఒక్కటీ రాలేదు. "ఇది మతిమరుపు కాదమ్మా, జబ్బు. మందులతో పోయేది కాదు. నెమ్మదిగా పెరుగుతుంది" అంది. మూడు నెలలకోసారి వంతులు మారుస్తున్నామని చెబితే పెన్ను కింద పెట్టింది. "ముందు అది మానండి. పడుకునే మంచం, లేచి వెళ్ళే దారి, అన్నం పెట్టే చెయ్యి అవే ఉండాలి. మీరు ఇల్లు మార్చిన ప్రతిసారీ ఆవిడ మొదట్నుంచీ తప్పిపోతున్నట్టు లెక్క. తిరగనివ్వండి, కానీ ఇంట్లోనే తిరగనివ్వండి. చూసేవాళ్ళకి కూడా విశ్రాంతి ఉండాలి. లేకపోతే మంచివాళ్ళు కూడా చెయ్యి చేసుకుంటారు" అంది. ఆ చివరి మాట నా మొహం చూసి అందో, అందరితో అనేదో.

ఇప్పుడు చెప్పు. ఆవిడ ఒక్కచోటే ఉండాలి. ఎక్కడ? నేనుంచుకుంటే పొలం కోసం ఉంచుకుందంటారు. నీ దగ్గరకు పంపితే పొలం రాలేదని పంపేసిందంటారు. నీ ఇంటి పక్కనే పట్టాలు, నా ఇంటి పక్కన లారీలు. ఈయన రోజూ పంపెయ్ అంటున్నారు. "మనకి రాయని మనిషికి మనమెందుకు చెయ్యాలి" అన్నారు. "మీకు పాలిచ్చినప్పుడు ఏం రాయించుకుంది" అన్నాను. 

ప్రస్తుతానికి ఆవిడ మంచాన్ని వంటింటి గుమ్మం పక్కకి మార్చాను. నేను పని చేస్తుంటే కనిపిస్తాను. అంతవరకే తెలుస్తోంది. మిగతాదేమీ తెలియడం లేదు.

మల్లేశ్వరి.


నల్లపాడు,
22 అక్టోబరు 2001.

చెల్లీ,

ఇన్నాళ్ళు రాయకపోవడానికి కారణం ఉంది. పని పూర్తయ్యాకే రాద్దామనుకున్నాను.

నీ ఉత్తరం మీ బావగారికి ఇచ్చాను, నేను నీకు రాసినది కూడా నోటితో చెప్పాను, చీర అంచుతో సహా. ఆయన గోడకేసి తిరిగారు. తర్వాత అన్నారు, "తమ్ముడు నాన్న ఇచ్చిన వాటా అమ్మి లారీ కొన్నాడు. ఆ లారీ ఏమైందో అందరికీ తెలుసు. అమ్మ పొలం కూడా అలా పోతే రేపు అమ్మకి ఏం మిగులుతుంది? నా పేర పెడితే వాడు గొడవ చేస్తాడు. అందుకని నీ పేర భద్రం చేశాను."

"భద్రం చేసేవాళ్ళు దాచరు కదండీ," అన్నాను.

"నాకే చెబుతున్నావా?"

"పొలం నా పేరనే ఉందిగా. అందుకే చెబుతున్నాను."

పెళ్ళైన ఇరవై మూడేళ్ళలో ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు. ఆయన చెప్పినదాంట్లో నిజమెంతో నాకు ఇప్పటికీ తెలియదు. తమ్ముడి మీద భయం నిజమే. అంతకంటే వేరే ఆశ లేదని మాత్రం ఆయన తరఫున నేను చెప్పలేను.

వెంకటనారాయణ గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. అత్తయ్య పేరుకే తిరిగి మార్చేసి, ఆవిడ చేత ఇద్దరికీ రాయిస్తే సరిపోతుందా అని అడిగాను. "తిరిగి మార్చొచ్చు. కానీ ఆ తర్వాత ఆవిడ చేత ఇంకో వేలిముద్ర వేయించాలి. అప్పుడు మీ ఆయన చేసినదే నువ్వూ చేసినదానివవుతావు" అన్నారు. "మా దగ్గరికి అందరూ ఆలస్యంగానే వస్తారమ్మా. కాళ్ళూ మతీ బాగున్నప్పుడు, పిల్లలందర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎవరికేమిటో, నన్నెవరు చూడాలో చెప్పి రాయించుకుంటే ఇంత ఉండదు. అప్పుడు రాయమంటే నా చావు కోరుతున్నారా అంటారు."

కాబట్టి పొలం నాది అన్నట్టే ఉంచి, నేనే రాశాను. ఎకరం నీ పేర, ఎకరం నా పేర. అత్తయ్య ఉన్నంతకాలం ఇద్దరం అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. బుల్లయ్య ఇచ్చే కౌలంతా ఆవిడ ఎవరింట్లో ఉంటే ఆ ఇంటికి, ఆవిడ తిండికీ మందులకీ. నీ పేర రాసినది నీదే, మీ ఆయన కోటేష్‌ది కాదు. అది నేనే అడిగి రాయించాను, నువ్వు ఏమనుకున్నా సరే. మొన్న పదిహేడున రిజిస్టరయింది. ఈసారి ప్రతి పేజీ చదివాను. ఒకచోట ఊరిపేరు తప్పుంటే దిద్దించాను.

మీ బావగారు రాలేదు. ఇంటికొచ్చాక కాగితం ఆయన ముందు పెట్టాను. చదివారు. "అన్నం పెట్టు" అన్నారు. ఒప్పుకున్నట్టా, కోపమా నాకు తెలియలేదు. ఆ తర్వాత ఇంతవరకు ఆ ప్రసక్తి లేదు.

ఇంటికొచ్చి నాకోసం కూడా ఒక కాగితం రాసుకుందామని కూర్చున్నాను. నాకు మతి పోతే నన్ను ఎక్కడ ఉంచాలి, నా గాజులు ఎవరికి అని. "నేను, రాజేశ్వరి" అని రాసి, ఆ తర్వాత ఏం రాయాలో తెలియక ఆపేశాను. శ్రీరమ్య వచ్చినప్పుడు దాన్ని ఎదురుగా పెట్టుకుని రాస్తాను.

అసలు కాగితం రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. అత్తయ్యని నీ దగ్గరే ఉంచమని అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

రాజేశ్వరి.


చీమకుర్తి,
2 డిసెంబరు 2001.

అక్కయ్యా,

కాగితం అందింది. ఈయన చదివి రెండు వైపులా తిప్పి చూశారు, ఇంకేదో ఉంటుందన్నట్టు. "వదిన ఇలా ఎందుకు చేసింది" అని నన్నడిగారు. నాకేం తెలుసు. కోర్టు మాట మాత్రం ఎత్తడం లేదు. అన్నయ్యకి ఫోన్ చేయమంటే, చేస్తానన్నారు. ఇంకా చేయలేదు.

అత్తయ్య ఇక్కడే ఉంటుంది. నువ్వు అడిగావని కాదు, ఆవిడకి ఇప్పుడిప్పుడే ఇంట్లో దారి తెలుస్తోంది. మంచం దగ్గర్నుంచి స్నానాలగదికి ఎవరూ చెప్పకుండా వెళ్ళి వస్తోంది. కానీ రోజూ పొద్దున్నే నాలుగు చీరలు మూట కట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది. "వంతు అయిపోయిందిగా, బండి రాలేదా" అంటుంది. నాలుగేళ్ళు మనం తిప్పిన తిప్పటం ఒంట్లో అలా ఉండిపోయింది. మొదట్లో ఇక వంతుల్లేవని చెప్పేదాన్ని. భయపడేది. ఇప్పుడు, "బండి రేపట, ఇవాళ్టికి భోజనం చేద్దాం" అంటున్నాను. మూట విప్పి చీరలు మడతపెడితే తనూ ఒక అంచు పట్టుకుంటుంది. అబద్ధం చెప్పడం తప్పో ఒప్పో డాక్టరమ్మని అడగాలి.

నాకు మాత్రం బాగా లేదక్కయ్యా. మొన్న అన్నం ఉమ్మేస్తే చెయ్యెత్తాను. దించేశాను, కానీ ఎత్తాను. చూసేవాళ్ళకి విశ్రాంతి ఉండాలని డాక్టరమ్మ ఎందుకందో ఇప్పుడు తెలిసింది.

చీరాలలో మా నాన్నకి జనవరిలో కంటి ఆపరేషను. పది రోజులు నేను వెళ్ళి తీరాలి. ఈయన ఏడింటికి ఫ్యాక్టరీకి పోతారు. నువ్వు రావాలి. ఇక ఆవిడ తిరగదు కాబట్టి తిరగవలసింది మనమే. ఈ పది రోజులే కాదు, నెలకి ఒక వారం నువ్వొచ్చి ఉంటే నేను నిలబడగలను.

నిన్ను నమ్మి పిలుస్తున్నానా, గత్యంతరం లేక పిలుస్తున్నానా అని నువ్వనుకోవచ్చు. నేనూ అదే అనుకుంటున్నాను. తేలలేదు. రా.

మల్లేశ్వరి.


చీమకుర్తి,
16 జనవరి 2002.

చెల్లీ,

మీ నాన్నగారి కన్ను ఎలా ఉంది? కట్టు విప్పారా? చుక్కల మందు వేళకి వెయ్యి. ఆయన్ని వంగనివ్వకు.

ఇక్కడ మేము బాగానే ఉన్నాం అని రాయడానికి ఈ నాలుగు రోజులూ ఆగాను. మొదటి రోజు బాగా లేదు. నువ్వు పిల్లల్ని తీసుకుని బస్సెక్కాక, కోటేష్ కూడా వెళ్ళిపోయాక, ఇంట్లో ఆవిడా నేనూ మిగిలాం. అప్పటిదాకా నన్ను ఎవరో చుట్టంలా చూసింది. నేను నీళ్ళబిందె తీసుకుని బయలుదేరాను. వెనక్కి తిరిగి చూస్తే, మంచం మీద కూర్చుని కుడిచెయ్యి చాపి ఉంది. నా పేరు గుర్తులేదు, తన పేరు గుర్తులేదు, కానీ నేను బిందె పట్టుకుంటే తను చెయ్యివ్వాలన్నది మాత్రం గుర్తుంది.

బిందె దించేసి గుమ్మంలో కూర్చుండిపోయాను. ఆవిడ చెయ్యి దించలేదు. ఎంతసేపో తెలియదు. ఇంక వెళ్ళిపోదామనుకున్నాను, నువ్వొచ్చేదాకా పక్కింటి మాబూబీని కూర్చోమని. లేచి ఆ చెయ్యి పట్టుకోవాలంటే భయం వేసింది, నాకు. అయినా పట్టుకున్నాను. అప్పుడు గోళ్ళు కనబడ్డాయి, పెరిగి ఉన్నాయి. నువ్వు తియ్యబోతే ఒప్పుకోదని చెప్పావు కదా. కిటికీలో ఉన్న కత్తెర తెచ్చి, కిందే కూర్చుని, ఒక్కో వేలూ పట్టుకుని మెల్లగా తీశాను. క్షమించమని అడగాలనుకున్నాను. ఎవరిని అడుగుతున్నానో ఆవిడకి తెలియాలి కదా. అడగలేదు.

"నొప్పిగా ఉందా?" అని మాత్రం అడిగాను.

"లేదమ్మా," అంది.

నీళ్ళు సాయంత్రం కోటేష్ తెచ్చాడు. వాళ్ళన్నయ్యతో ఫోన్లో మాట్లాడాడట, ఆదివారం ఆయన వస్తారట. వచ్చి ఏం మాట్లాడతారో, ఏం మాట్లాడరో.

నువ్వు తొందరపడి రాకు. ఆవిడ తింటోంది, మాత్ర కూడా మింగుతోంది. ఆ రోజు ఒక చేతి గోళ్ళు అయ్యాక నేను కత్తెర పక్కన పెట్టబోయాను. ఆవిడ నేనడక్కుండానే రెండో చెయ్యి ఇచ్చింది.

మీ అక్కయ్య
రాజేశ్వరి.